తలా రెండు వందలతో ఒక కసరత్తు చోటు: హాస్టల్ ప్రాజెక్టు డైరీ

జులై, చివరి వారం

హైదరాబాద్‌లోని తార్నాకలోనూ, ఉస్మానియా విశ్వవిద్యాలయం చుట్టుపక్కలా హాస్టళ్లలో ఉండి చదువుకునే విద్యార్థికి జిమ్ రుసుము నెల ఖర్చులో పెద్ద పద్దు. నెలకు వెయ్యి రూపాయలకు తక్కువ చెప్పే జిమ్ దొరకడం కష్టం. ఏడాదికి ఒకేసారి కడితే తగ్గిస్తామంటారు గానీ, పరీక్షలు, సెలవులు, ఊరి ప్రయాణాలు పోగా విద్యార్థి ఆ ఏడాదిలో నిజంగా వాడుకునేది సగం కూడా ఉండదు. మా హాస్టల్లో పాతికమంది వరకు కలిసి తలా రెండు వందల రూపాయలు వేసుకొని, హాస్టల్ వెనక ఉన్న ఖాళీ స్థలంలో అందరూ వాడుకునే ఒక కసరత్తు చోటు సిద్ధం చేసుకోవాలని ఈ నెలలో నిర్ణయించుకున్నాం. పని ఎలా సాగిందో, దేనికి ఎంత అయిందో, ఏది పనికొచ్చిందో రాసి ఉంచితే మరో హాస్టల్ వాళ్లు అన్నీ మొదటి నుంచి వెతుక్కోవలసిన అవసరం ఉండదన్న ఉద్దేశంతో ఈ డైరీ మొదలుపెడుతున్నాను.

ముందుగా లక్ష్యం ఏమిటో తేల్చుకున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన సూచనల ప్రకారం పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాల పాటు ఓ మోస్తరు శ్రమ గానీ, 75 నుంచి 150 నిమిషాల పాటు తీవ్రమైన శ్రమ గానీ చేయాలి. దానికి తోడు వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం చేయాలి. మొదటి భాగానికి మాకు పైసా ఖర్చు లేదు. ఆర్ట్స్ కళాశాల ముందు రోడ్డు మీద తెల్లవారుజామున నడిచేవాళ్లు, పరుగెత్తేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. చెట్ల నీడ ఉన్న ఆ రోడ్లకు సాటివచ్చే పరుగు బాట నగరంలో డబ్బు పెట్టినా దొరకడం అరుదు.

రెండో భాగం గురించే చాలాసేపు మాట్లాడుకున్నాం. శరీరం బరువుతోనే చేసే కసరత్తుకు మన దగ్గర పాత వరస ఉంది. విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసిన కోడి రామమూర్తి నాయుడి కాలానికి ఊళ్లలో తాలింఖానాలు, అంటే కసరత్తు శాలలు, ఉండేవి; అక్కడి సాధనకు పునాది దండీలు, బస్కీలే. దండీలు ఛాతీని, భుజాలను, మోచేతి వెనక కండరాలను బలపరుస్తాయి. బస్కీలు తొడలకూ పిరుదులకూ చాలు. ఈ రెండింటికీ చాప పరిచేంత చోటుంటే సరిపోతుంది. అయితే వీపుకూ ముంజేతులకూ పని పెట్టేది లాగే కసరత్తు. దేన్నో ఒకదాన్ని పట్టుకొని వేలాడకుండా, లాగకుండా అది కుదరదు. రోజంతా పుస్తకం మీదకో ఫోను మీదకో వంగి కూర్చునే విద్యార్థికి అన్నిటికంటే ఎక్కువ అవసరమైనదీ అదే. కాబట్టి ఉన్న డబ్బంతా ఒక్క ఇనుప కడ్డీ మీద పెట్టాలని, మిగతావన్నీ ఉచితంగానో పాత సామానుతోనో జరుపుకోవాలని తీర్మానించాం. డంబెల్స్ కొందామన్న వాదన బలంగానే వచ్చింది. కానీ ఒక జత డంబెల్స్‌ను ఒక్కరే వాడగలరు, అవి గదిలోకి చేరితే మళ్లీ బయటకు రావడం కష్టం. నేలలో పాతిన కడ్డీకి ఆ సమస్య ఉండదు.

ఆగస్టు

వార్డెన్ గారికి లిఖితపూర్వకంగా అర్జీ ఇచ్చాం. స్థలం కొలతలు, గొయ్యి లోతు, ఖర్చు ఎవరిది, పిల్లలెవరూ పైకెక్కకుండా చూసే బాధ్యత ఎవరిది అనేవన్నీ అందులోనే రాశాం. నీటి పైపులు, కరెంటు తీగలు భూమిలో ఏ వైపున వెళ్తున్నాయో హాస్టల్ ఎలక్ట్రీషియన్‌ను అడిగి గుర్తు పెట్టుకున్న తర్వాతే చోటు ఖాయం చేశాం. అర్జీలో ఈ వివరాలన్నీ ఉండడం వల్లనే అనుమతి త్వరగా వచ్చిందని నా నమ్మకం.

ఈలోపు కొలతలు తీసుకున్నాం. ఎక్కడ మొదలుపెట్టామో తెలియకపోతే ముందుకు వెళ్తున్నామో లేదో చెప్పలేం. అమెరికా వైమానిక దళ వైద్యుడు కెన్నెత్ కూపర్ 1968లో ప్రచురించిన 12 నిమిషాల పరుగు పరీక్షను ఎంచుకున్నాం. దానికి కావలసినవి దూరం తెలిసిన బాట, ఒక గడియారం మాత్రమే. 12 నిమిషాలలో ఎన్ని మీటర్లు పరుగెత్తామో చూసి, అందులోంచి 504.9 తీసివేసి 44.73తో భాగిస్తే శరీరం నిమిషానికి, కిలో బరువుకు ఎన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకోగలదో ఒక అంచనా వస్తుంది. 2000 మీటర్లు వెళ్లినవారికి అది సుమారు 33, 2400 మీటర్లు వెళ్లినవారికి సుమారు 42. ఇది అంచనాయే, ప్రయోగశాలలో తీసిన కొలత కాదు. కానీ అదే మనిషి, అదే బాట మీద, రెండు మూడు నెలల తేడాతో పరుగెత్తితే మార్పు స్పష్టంగా తెలుస్తుంది. గుండె జబ్బు, ఆస్తమా వంటివి ఉన్నవారిని ఈ పరీక్షకు రానివ్వలేదు. వాళ్లు నిద్ర లేవగానే నాడి లెక్కించి రాసుకుంటున్నారు.

ఈ నెలలో నేర్చుకున్న పెద్ద పాఠం పోలీసు ఉద్యోగాలకు సిద్ధమవుతున్న అభ్యర్థుల నుంచి వచ్చింది. తెలంగాణలో 2022 నియామకాల నాటి దేహదారుఢ్య పరీక్షలో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయవలసి వచ్చింది. దానికోసం చేతిలో డబ్బు లేకుండా, శిక్షకుడు లేకుండా ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లు ఈ ప్రాంగణంలో చాలామంది ఉన్నారు. చవకగా శరీరాన్ని దృఢంగా ఉంచుకోవడమెలాగో వాళ్లకు తెలిసినంతగా ఏ జిమ్ శిక్షకుడికీ తెలియదని నేననుకుంటున్నాను. వాళ్లలో ఒక అన్న మాకు చెప్పిన పద్ధతి ఇది. మొదటి నెల వేగం జోలికి పోకుండా, పక్కవాళ్లతో ఆయాసం లేకుండా మాట్లాడగలిగే నిదానంలోనే పరుగెత్తాలి. వారానికి పెంచే దూరం ముందు వారం పరిగెత్తినదానిలో పదో వంతు మించకూడదు. బూట్లకు డబ్బు లేకపోతే తారు రోడ్డు వదిలి మట్టి మీద పరుగెత్తాలి. కొత్తగా చేరిన కొందరికి మోకాలి కింద ముందు ఎముక వెంట నొప్పి వచ్చినప్పుడు దూరం తగ్గించి మట్టి బాటకు మార్చాం, తగ్గింది.

సెప్టెంబరు

ఇక అసలు పని. దీన్ని కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మిగతా హాస్టళ్ల వాళ్లు ఎక్కువగా అడిగింది దీని గురించే.

పైపులు రాణిగంజ్‌లో కొన్నాం. జీఐ పైపు, అంటే జింకు పూత ఉన్న ఇనుప పైపు, 6 మీటర్ల పొడవున వస్తుంది. నిలువు స్తంభాలకు ఒకటిన్నర అంగుళం పైపును సరిగ్గా సగానికి కోయిస్తే మూడేసి మీటర్ల స్తంభాలు రెండు వచ్చాయి. ముక్క వృథా కాలేదు. ఒక్కోదానిలో 60 సెంటీమీటర్లు భూమిలోకి పోతే పైన 2.4 మీటర్లు మిగులుతుంది. పొడగరి కూడా చేతులు చాచి, మోకాళ్లు కాస్త మడిచి వేలాడడానికి అది చాలు. అడ్డ కడ్డీకి అంగుళం పైపు తీసుకున్నాం. అంగుళం అనేది వ్యాపారంలో పిలిచే పేరు. దాని బయటి వ్యాసం దాదాపు 34 మిల్లీమీటర్లు, అది సగటు చేతికి పట్టు చిక్కే మందం. ఒకటిన్నర అంగుళం పైపునే అడ్డంగా కూడా పెడితే దాని బయటి వ్యాసం 48 మిల్లీమీటర్లు కాబట్టి, వేళ్లు చుట్టూ తిరగక కొత్తవాళ్లు వెంటనే జారిపోతారు. ఇది ముఖ్యమైన విషయం. చాలాచోట్ల పార్కుల్లో కడ్డీలు వాడకుండా పడి ఉండడానికి వాటి లావు కూడా ఒక కారణమని చూశాక నాకు అనిపించింది.

ఒక్క కడ్డీతో ఆగలేదు. కింద నడుము ఎత్తున, అంటే భూమికి సుమారు ఒక మీటరు పైన, రెండో అడ్డ కడ్డీ పెట్టించాం. పుల్‌అప్, అంటే కడ్డీకి వేలాడి గడ్డం దాని పైకి వచ్చేలా ఒంటిని లాగడం, ఒక్కటి కూడా తీయలేనివారే మాలో ఎక్కువ. వాళ్లు ఈ కింది కడ్డీని పట్టుకొని, మడమలు నేల మీద ఆనించి, వీపు నేల వైపు ఉండేలా శరీరాన్ని వాల్చి ఛాతీని కడ్డీ దాకా లాగుతారు. కాళ్లు ఎంత ముందుకు పెడితే అంత బరువు చేతుల మీద పడుతుంది, కాబట్టి ఎవరి శక్తికి తగినట్టు వాళ్లు మార్చుకోవచ్చు. ఈ కింది కడ్డీ లేకపోతే ఈ చోటు నలుగురైదుగురు బలవంతులది అయిపోయేది.

వెల్డింగ్ దుకాణం ఆయన మొదట చెప్పిన మాట ఇది: “తమ్మీ, ముందుగాల పైపు మీది జస్తా గీకాలె. లేకుంటే ఆ పొగకు రాత్రి జ్వరమొస్తది.” జీఐ పైపు మీద ఉండే జింకు పూత వెల్డింగ్ వేడికి ఆవిరై పొగగా మారుతుంది, దాన్ని పీలిస్తే నిజంగానే చలి జ్వరం వస్తుంది. ఆయన అతుకు పడే చోట్ల పూతను గ్రైండర్‌తో తీసి, ఆరుబయట పెట్టి వెల్డింగ్ చేశారు. అతుకుల దగ్గర పూత పోయింది కాబట్టి అక్కడ తుప్పు పట్టనివ్వని రెడాక్సైడ్ పూత, దాని మీద పెయింటు వేశాం. స్తంభాల అడుగున ఒక జానెడు ఇనుప చువ్వను అడ్డంగా అతికించమని అడిగాం, కాంక్రీటులో స్తంభం గిర్రున తిరగకుండా అది పట్టి ఉంచుతుంది. స్తంభాల పై చివరలకు మూతలు బిగించాం, లేకపోతే వాన నీరు లోపల చేరి పైపు లోపలి నుంచి తుప్పు పడుతుంది.

గోతులు మేమే తవ్వుకున్నాం. ఒక్కోటి అడుగు పొడవు, అడుగు వెడల్పు, రెండడుగుల లోతు. సిమెంటు ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు, కంకర నాలుగు పాళ్లు. రెండు గోతులకూ కలిపి ఒక్క బస్తా సిమెంటు కూడా పూర్తిగా పట్టలేదు. మట్టపు గుండుతో నిలువు చూసి, తాళ్లతో నాలుగు వైపులా లాగి కట్టి వదిలాం. పైన గోనె పట్టలు పరిచి రోజూ తడుపుతూ వచ్చాం. కాంక్రీటు పూర్తి బలానికి 28 రోజులు పడుతుందని సివిల్ ఇంజనీరింగ్ చదివే మిత్రుడు పట్టుబట్టడం వల్ల అంతవరకూ ఎవరూ దాన్ని ముట్టకుండా చీటీ అంటించాం. ఆ ఓపిక అవసరమే. ముగ్గురు మనుషులు ఊగులాడే కడ్డీ కింద పునాది కదిలితే ప్రమాదం.

పైపులు, వెల్డింగ్, సిమెంటు, కంకర, ఇసుక, రవాణా, పెయింటు అన్నీ కలిపి ఐదు వేలకు కాస్త లోపే అయింది.

అక్టోబరు, దసరా సెలవుల తర్వాత

కడ్డీ వాడుకలోకి వచ్చింది. పుల్‌అప్ రానివారి కోసం ఒక క్రమం పెట్టుకున్నాం. మొదట ఊరికే వేలాడడం. తర్వాత కింది కడ్డీ మీద లాగడం. ఆపైన స్టూలు మీద నిలబడి గడ్డం కడ్డీ పైకి తెచ్చుకొని, కాళ్లు వదిలి వీలైనంత నెమ్మదిగా కిందికి దిగడం. బరువును ఎత్తలేని కండరం కూడా అదే బరువును నిదానంగా దింపగలదు, ఆ దింపడంలోనే బలం వస్తుంది. ఇంకొక సాయం పంక్చర్ దుకాణాల నుంచి దొరికింది. పాడైన మోటార్ సైకిల్ ట్యూబును నిలువునా చీల్చకుండా అలాగే కడ్డీకి ఉచ్చులా వేసి, కింది మడతలో మోకాలు పెడితే అది కొంత బరువు మోస్తుంది. ట్యూబులు కొన్ని ఉచితంగా, కొన్ని పది ఇరవై రూపాయలకు వచ్చాయి. వాడే ముందు ప్రతిసారీ సాగదీసి పగుళ్లు చూడాలి. అతుకు వేసిన చోట తెగే అవకాశం ఎక్కువ కాబట్టి అతుకులున్నవాటిని పక్కన పెట్టేశాం.

బరువుల కోసం ఇసుక మూటలు కుట్టాం. పొడి ఇసుక లీటరుకు సుమారు కిలోన్నర తూగుతుంది. దాన్ని మందపాటి పాలిథీన్ కవర్లలో ఐదేసి కిలోల పొట్లాలుగా కట్టి, రెండేసి కవర్లు తొడిగి, పాత జీన్స్ ప్యాంటు కాలులో పెట్టి రెండు చివరలా కుడితే మోయడానికి, భుజాన వేసుకొని బస్కీలు తీయడానికి చక్కటి సామాను. పొట్లాలు తీసి వేసి బరువు తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. 20 లీటర్ల నీళ్ల క్యాను కూడా పనికొస్తుంది గానీ, నీళ్లు లోపల కదులుతుంటే కొత్తవాళ్లకు నడుము పట్టేసే ప్రమాదం ఉంది. దాన్ని మేం నడకకే పరిమితం చేశాం.

నవంబరు

మా పద్ధతి అమ్మాయిల హాస్టల్‌కు అలాగే సరిపోదని మొదటి నుంచీ తెలుసు. తెల్లవారుజామున చీకట్లో రోడ్ల మీదకు వెళ్లడం వాళ్లకు భద్రత దృష్ట్యా కుదరదు, సాయంత్రం గేటు వేళలు ఉంటాయి. చవకైన వ్యాయామం గురించి మాట్లాడేవాళ్లు ఉచితంగా దొరికే మైదానాన్ని ముందు చెబుతారు. ఆ మైదానం ఏ వేళ ఎవరికి అందుతుందన్నది లెక్కలోకి తీసుకోకపోతే ఆ సలహా సగం మందికి ఉపయోగపడదు. మా విభాగంలోని ఒక సీనియర్ అక్క ఈ బాధ్యత తీసుకొని, వాళ్ల హాస్టల్ మేడ మీదనే జరిగే కార్యక్రమం తయారుచేశారు.

మెట్లే వాళ్ల పరుగు బాట. కింది నుంచి మేడ దాకా ఎక్కడం, దిగేటప్పుడు కమ్మీ పట్టుకొని నిదానంగా దిగడం. మోకాళ్లకు దెబ్బ దిగేటప్పుడే తగులుతుంది. తాడాటను (స్కిప్పింగ్‌ను), కింది గదుల్లో చదువుకునేవాళ్లకు చప్పుడు వినిపించకుండా, పాత పరుపు గుడ్డలు నాలుగు మడతలు పరిచి ఆడుతున్నారు. మేడ మీద కాంక్రీటు గొయ్యి తవ్వలేరు కాబట్టి లాగే కసరత్తుకు అక్క కనిపెట్టిన ఉపాయం నాకు ఎంతో నచ్చింది. గట్టి దుప్పటి ఒక చివర పెద్ద ముడి వేసి, ఆ ముడిని తలుపు పైనుంచి అవతలి వైపుకు వేసి తలుపు గడియ పెడతారు. ఇవతలి చివర రెండు చేతులతో పట్టుకొని, వెనక్కి వాలి లాగుతారు. తలుపు అవతలి వైపుకు తెరుచుకునేది అయి ఉండాలి. అప్పుడు మనం లాగే కొద్దీ అది ద్వారబంధానికి గట్టిగా ఆనుకుంటుంది. మన వైపుకు తెరుచుకునే తలుపుకు ఇది ఎంతమాత్రం చేయకూడదు. కీలు మరలు, ద్వారబంధం కదలకుండా ఉన్నాయో లేదో ముందే చూసుకుంటున్నారు.

ఇంకో విషయం కూడా అక్కే ముందుకు తెచ్చారు. 2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉంది. తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ అంతే. రక్తం తక్కువైన మనిషి మెట్లెక్కితే ఆయాసపడడానికి కారణం బద్ధకం కాదు. అందుకని కార్యక్రమంలో చేరేవారందరినీ ముందుగా ప్రభుత్వ ఆసుపత్రిలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకొమ్మన్నారు. తక్కువ ఉన్నవారు వైద్యుల సలహాతో ఐరన్ మాత్రలు వాడుతూ, అది పెరిగే దాకా నడకతో, తేలికపాటి సాగదీతలతో సరిపెట్టుకుంటున్నారు. భోజనంతో పాటు టీ తాగడం మానేసి, ఆ పూట నిమ్మకాయ పిండుకోవడం కూడా ఆ సలహాలోదే. టీ ఆహారంలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదు, విటమిన్ సి పట్టేలా చేస్తుంది.

డిసెంబరు

కుర్రాళ్ల మధ్య ప్రోటీన్ పొడి మీద చర్చ మొదలైంది. మా హాస్టల్‌కు నడిచి వెళ్లేంత దూరంలోనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చిన సంస్థ అది. 2024లో అది వెలువరించిన ఆహార మార్గదర్శకాలలో కండలు పెంచుకోవడానికి ప్రోటీన్ సప్లిమెంట్లు వద్దనే సలహా ఉంది. అదే సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి, అంటే 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. కఠినంగా సాధన చేసేవారికి ఇంకొంత ఎక్కువ కావాలన్నది నిజమే, కానీ ఆ తేడాను మెస్ భోజనం పక్కనే పూడ్చుకోవచ్చు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, గుప్పెడున్నర వేరుశనగ గుళ్లలో, అంటే 50 గ్రాముల్లో, పన్నెండు గ్రాముల దాకా, అంతే బరువు శనగల్లో సుమారు పది గ్రాములు ప్రోటీన్ ఉంటుంది. మీల్‌మేకర్ 25 గ్రాములు తీసుకుంటే పదమూడు గ్రాములు వస్తాయి.

రాత్రి నానబెట్టిన శనగలు, వేయించిన పల్లీలు మేం బేగంబజార్‌లో కలిసి కొని పంచుకుంటున్నాం. కిలోల్లో కొంటే చిల్లర ధర కంటే బాగా తగ్గుతుంది. మెస్ కమిటీని వారంలో రెండు సార్లు పప్పు చిక్కగా వండమని, మీల్‌మేకర్ కూర ఒకసారి చేర్చమని అడిగాం. పప్పు విషయంలో ఒప్పుకున్నారు. మీల్‌మేకర్ నచ్చనివాళ్లు చాలామంది ఉన్నారు, అది ఇంకా తేలలేదు.

ఫిబ్రవరి

పరుగు పరీక్ష మళ్లీ పెట్టాం. క్రమంగా వచ్చినవారందరికీ దూరం పెరిగింది. ఎక్కువ పెరిగింది ఆగస్టులో అందరికంటే వెనకబడ్డవారికే. మొదట కడ్డీకి వేలాడడమే కష్టమనుకున్న కొందరు ఇప్పుడు పూర్తి పుల్‌అప్‌లు తీస్తున్నారు. మానేసినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లను అడిగితే దాదాపు అందరూ చెప్పింది ఒకటే: సెమిస్టర్ పరీక్షల్లో ఆగిపోయి, తర్వాత ఒక్కరే మళ్లీ మొదలుపెట్టలేకపోయారు. అందుకే ఇద్దరిద్దరిని జతలుగా కట్టి, పరీక్షల రోజుల్లో పావుగంట మాత్రమే చేసే చిన్న వరస తయారుచేశాం: రెండు విడతల దండీలు, రెండు విడతల బస్కీలు, కింది కడ్డీ మీద రెండు విడతల లాగడం. పరీక్ష రాసి వచ్చాక మెడ, వీపు పట్టేయకుండా ఉండడానికి కూడా ఇది పనికొస్తోందని చేసినవాళ్లు చెబుతున్నారు.

ఎండలు ముదురుతున్నాయి. మార్చి నుంచి పరుగు వేళను ఐదున్నరకు జరుపుతున్నాం. సాయంత్రం ఇనుము చేతికి కాలుతుంది కాబట్టి కడ్డీ పని ఆరున్నర దాటాకే. జూన్‌లో వానలు పడేలోపు అతుకుల దగ్గర రెడాక్సైడ్ మరో పూత వేయాలి. మిగిలిన డబ్బుకు కొత్తవాళ్ల వాటాలు చేర్చి అమ్మాయిల హాస్టల్ వెనక పెరట్లోనూ ఇలాంటి కడ్డీ వేయించడానికి అక్క అర్జీ సిద్ధం చేశారు. అక్కడ పై కడ్డీ 2.2 మీటర్ల ఎత్తులో, కింది కడ్డీ 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలని కొలతలు తీసి ఇచ్చాం. పైపుల ధర రాణిగంజ్‌లో కనుక్కోవడం ఈ వారం పని.